కుక్క ఉన్నట్టుండి కుంటుతోంది: డాక్టరు దొరికేలోపు ఇంట్లో ఏమి చేయవచ్చు?

ప్రశ్న: నంద్యాల నుంచి ఒక సభ్యురాలు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో నాలుగేళ్ల మగ కుక్క ఉంది, పేరు జిమ్మీ. తల్లి ల్యాబ్రడార్, తండ్రి ఊరకుక్క. బరువు ఇంచుమించు 26 కిలోలు. నిన్న సాయంత్రం వరకు పెరట్లో ఉడతల వెంట పరుగులు తీసిన కుక్క, రాత్రి అన్నం పెట్టినప్పుడు లేచి రావడానికే వెనుకాడింది. లేచాక ఎడమ వెనుక కాలును నేలకు ఆనించీ ఆనించకుండా నడిచింది. మావారు ఎత్తి పడుకోబెట్టబోతే కుయ్యిమని అరిచి, ఎన్నడూ లేనిది ఆయన చేతి వైపు పళ్లు చూపింది. ఎక్కడి నుంచైనా దూకిందో, ఎవరైనా రాయి విసిరారో తెలియదు. పైకి గాయం కానీ వాపు కానీ కనిపించడం లేదు.

ఈ రోజు ఆదివారం కావడంతో ఇక్కడి పశువుల ఆసుపత్రి మూసి ఉంది. కర్నూలుకు తీసుకువెళదామంటే 70 కిలోమీటర్ల ప్రయాణం, అంత దూరం కుదుపుల్లో కదిలిస్తే నొప్పి ఎక్కువవుతుందేమోనని భయంగా ఉంది. పక్కింటి పెద్దావిడ పసుపూ సున్నమూ కలిపి పట్టు వేయమంటున్నారు. మా మామగారు మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫినాక్ మాత్రలు, జ్వరానికి వాడే పారాసిటమాల్ ఇంట్లో ఉన్నాయి. మందుల దుకాణంలో అడిగితే చిన్నపిల్లల మోతాదు ఇస్తే ఏమీ కాదన్నారు. రేపు ఉదయం వరకు ఆగవచ్చా, ఆగితే ఈలోపు ఏమి చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే ఇక ఆగకుండా బయలుదేరాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, గుంటూరు

అమ్మా, ముందుగా మాత్రల సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో ఉన్న ఆ రెండు మందుల్లో ఏదీ జిమ్మీకి వేయకండి. మనుషుల నొప్పి మాత్రలు కుక్క శరీరంలో మనలో లాగా కరిగిపోవు. ఉదాహరణకు నాప్రోక్సెన్ అనే నొప్పి మందు మన రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 12 నుంచి 17 గంటలు పడితే, కుక్క రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 3 రోజులు పడుతుంది. అంటే రెండో రోజు వేసే మాత్ర మొదటి దాని మీద పేరుకుంటుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి కడుపులో పుండ్లు పుట్టించి నెత్తుటి వాంతులకు దారితీస్తాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే దానికి ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. ‘చిన్నపిల్లల మోతాదు’ అన్న కొలత కుక్కలకు వర్తించదు. డైక్లోఫినాక్ మాట వచ్చింది కనుక మరొక మాట: ఆ మందు వేసిన పశువుల కళేబరాలను తిని రాబందులు కుప్పలుగా చనిపోవడంతో, పశువైద్యంలో దాని వాడకాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఇప్పటికీ అది పల్లెల్లో చేతులు మారుతూనే ఉంది, అది వేరే కథ.

సున్నం పట్టు కూడా వద్దు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, పైగా కుక్క దాన్ని నాకకుండా ఊరుకోదు. కర్పూరం, పుదీనా సత్తు ఉన్న నొప్పి బామ్‌లకూ, జెల్ మందులకూ ఇదే వర్తిస్తుంది.

ఇక చేయవలసిన పని చూడటం. నొప్పి ఏ కాలిలో ఉందో చాలామంది యజమానులు తప్పుగా అనుకుంటారు. జిమ్మీని మెడపట్టీకి తాడు కట్టి, గచ్చు మీద కాక మట్టి నేల మీద, తిన్నగా పది అడుగులు నడిపించి, మీ ఫోనులో వీడియో తీయండి. ముందు కాలిలో నొప్పి ఉంటే, ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు మీద బరువు పడినప్పుడు తల కిందికి వంగుతుంది. వెనుక కాలిలో నొప్పి ఉంటే తల కంటే తుంటిని గమనించాలి. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా ఎగిసిపడుతుంది. ఆసుపత్రికి వచ్చాక భయంతోనో ఉత్సాహంతోనో చాలా కుక్కలు కుంటడమే మానేస్తాయి కనుక, ఆ వీడియో రేపు డాక్టరుకు మీరు చెప్పే మాటల కంటే ఎక్కువ చెబుతుంది.

తరువాత ఇద్దరు కలిసి తాకి చూడండి. ఎంత సాధువైన కుక్క అయినా నొప్పిలో కరుస్తుంది, నిన్న మీవారికి పళ్లు చూపింది కూడా అందుకే. మెత్తటి పొడవాటి గుడ్డ పేలికతో మూతి చుట్టూ ఒక చుట్టు చుట్టి, గడ్డం కింద ముడివేసి, రెండు కొసలూ చెవుల వెనుక కట్టండి, ఎద్దుకు చిక్కం వేసినట్టు. అయితే కుక్క నోరు తెరిచి రొప్పడం వల్లనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది కనుక, రెండు మూడు నిమిషాల్లో పని ముగించి విప్పేయాలి. వాంతులవుతున్నా, ఊపిరి కష్టంగా ఉన్నా, పగ్ వంటి పొట్టిముక్కు కుక్క అయినా అసలు కట్టకూడదు.

తాకడం ఎప్పుడూ బాగున్న కాలితో మొదలుపెట్టండి, అప్పుడు తేడా తెలుస్తుంది. వేళ్ల మధ్య చర్మం, అరికాలి మెత్తలు, గోళ్ల మొదళ్లు చూడండి. మన వైపు సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ, పగిలిన గాజు, గోరు మొదలంటా చీలిపోవడం, ఇవే సగం కుంటుళ్లకు మూలం. ముల్లు కొస కనిపిస్తే గోరువెచ్చని నీటితో కడిగి పట్టకారుతో తిన్నగా లాగండి. లోపలికి దిగిపోయినదాన్ని సూదితో కెలకవద్దు. దిష్టికని ఎవరైనా కాలికి నల్లతాడు కట్టి ఉంటే, అది వెంట్రుకల్లో కనపడకుండా బిగుసుకుపోయిందేమో కూడా చూడండి. అటువంటి కాళ్లు నా సర్వీసులో తక్కువ చూడలేదు. అక్కడి నుంచి మెల్లగా పైకి వస్తూ ఒక్కొక్క ఎముకను నొక్కి, ఒక్కొక్క కీలును మడిచి చూడండి. కుక్క అరవాలని లేదు. ఉన్నట్టుండి మీ చేతి వైపు తల తిప్పి, పెదవులు నాక్కుంటే అక్కడే నొప్పి ఉందని అర్థం.

థర్మామీటరు ఉంటే కొసకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి జ్వరం చూడండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు మామూలే. ముక్కు చల్లగా ఉందా, వేడిగా ఉందా అన్నది లెక్కలోకి రాదు.

కాలు వంకర తిరిగి వేలాడుతున్నా, ఎముక బయటికి వచ్చినా, వెనుక కాళ్లు రెండూ ఈడుస్తున్నా, మూత్రం దానంతటది కారిపోతున్నా, చిగుళ్లు తెల్లబడినా రేపటి వరకు ఆగకండి. పెరడు పక్కన పొలం ఉండి, కాలి వాపు గంట గంటకూ పెరుగుతుంటే రక్తపింజరి కాటును అనుమానించాలి, అప్పుడు నిమిషాల మీద బయలుదేరాలి. కాలికి తాడు బిగించడం, కోయడం వంటివి చేయకండి. ఇవేవీ లేకుండా కాలిని కొంతైనా ఆనిస్తూ, అన్నం తింటూ, తోక ఆడిస్తూ ఉంటే రేపటి వరకు ఆగవచ్చు. ఈలోపు ఒకే గదిలో ఉంచండి. మెట్లు, మంచం ఎక్కడం, బంతి ఆటలు వద్దు. మూత్రానికి కూడా తాడు పట్టుకునే తీసుకువెళ్లండి. నున్నటి టైల్స్ నేల అయితే గోనె సంచులు పరవండి. ఒక చోట వాపు, వేడి కనిపిస్తే ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టవచ్చు. వేడి కాపడం మొదటి రెండు రోజులు వద్దు.

జవాబు: ల్యాబ్రడార్ యజమాని, హనుమకొండ

డాక్టరు గారు చెప్పినవాటికి ఒక్క విషయం చేర్చాలనుకుంటున్నాను. తల్లి ల్యాబ్రడార్ అన్నారు కనుక మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంటు అనే నారకట్టు తెగిందేమో తప్పకుండా చూపించండి. మా కుక్కకు అదే జరిగింది. పరుగులో ఒక్కసారి మలుపు తిరిగి ఆగిపోయింది, తరువాత కాలి వేళ్ల కొసలు మాత్రమే నేలకు తాకించి నిలబడేది, కూర్చున్నప్పుడు ఆ కాలిని మడవకుండా పక్కకు చాపి ఉంచేది. విశ్రాంతి ఇస్తే వారం తిరిగేసరికి కుంటడం తగ్గింది, దాంతో నయమైపోయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. మళ్లీ పరుగెత్తగానే మొదటికి వచ్చింది. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదని నాకు అప్పటివరకు తెలియదు. ఎముకల స్థితి, కీలులో చేరిన నీరు మాత్రమే అందులో తెలుస్తాయట. డాక్టరు తొడ ఎముకను ఒక చేత్తో పట్టుకుని, కింది ఎముకను ముందుకు జరిపి చూసి నిర్ధారించారు. కుక్క కండరాలు బిగబట్టకుండా ఉండడానికి దానికి కొద్దిగా మత్తు ఇవ్వవలసి వచ్చింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల మా వైపు వారికి అందుబాటులో ఉన్నాయి. మీ వైపు వారికి తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రి ఉంది కదా. మోకాలి శస్త్రచికిత్స అవసరమైతే అటువంటి పెద్ద చోటికే వెళ్లడం మేలు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు మళ్లీ

డాక్టరు గారూ, మీరు చెప్పినట్టే చేశాము. వేళ్ల మధ్య ముల్లు లేదు, గోళ్లు బాగున్నాయి, ఏ ఎముక నొక్కినా అరవలేదు. కానీ మోకాలినీ మడమ కీలునూ మడిచినప్పుడు తల తిప్పింది, రెండో వెనుక కాలిలో కూడా అదే చేసింది. అన్నిటికంటే వింతగా ఉన్నది ఏమిటంటే, ఈ మధ్యాహ్నం నుంచి ఎడమ వెనుక కాలిని కొంత ఆనిస్తోంది కానీ కుడి ముందు కాలితో కుంటుతోంది. వీడియోలో తల ఊగడం స్పష్టంగా కనిపించింది. జ్వరం 103.8 ఉంది. పెరుగన్నం రెండు ముద్దలు తిని వదిలేసింది. మాత్రలేవీ వేయలేదు. చెవి లోపల, మెడపట్టీ కింద ఐదారు పిడుదులు కనిపించాయి. వానలు మొదలైనప్పటి నుంచి ఇవి వస్తూనే ఉన్నాయి కనుక మొదట చెప్పాలని తోచలేదు.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, గుంటూరు

అమ్మా, ఇప్పుడు నా ఆలోచన దెబ్బ మీద నుంచి పిడుదుల మీదకు మళ్లింది. లిగమెంటు తెగితే ఆ కాలే కుంటుతుంది, మరునాడు వేరే కాలికి మారదు. కాలు మారుతూ కుంటడం, ఒకటి కంటే ఎక్కువ కీళ్లలో నొప్పి, జ్వరం, తిండి మీద అయిష్టం, ఒంటి మీద పిడుదులు, ఈ అయిదూ కలిసినప్పుడు మన ప్రాంతంలో మొదట అనుమానించవలసింది పిడుదు జ్వరాన్ని. ఎర్లిఖియా కేనిస్ అనే సూక్ష్మజీవి గోధుమరంగు కుక్క పిడుదు కాటుతో రక్తంలోకి చేరి, కాటు పడిన ఒకటి నుంచి మూడు వారాల తరువాత జ్వరం తెస్తుంది. కొన్ని కుక్కల్లో కీళ్లలో వాపు పుట్టించి ఇలా కుంటేలా చేస్తుంది. ఆ వాపు చాలాసార్లు కంటికి ఆనేంత ఉండదు, అందుకే మీకు కనిపించలేదు. ఇంకా ఎదిగే వయసులో ఉన్న పెద్ద జాతి పిల్లల్లో, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లలో, ఎముకల వాపు వల్ల కూడా కుంటడం కాలు మారుతుంది; జిమ్మీకి నాలుగేళ్లు కనుక దాన్ని పక్కన పెడదాం.

నొప్పి మాత్ర వేయనందుకు సంతోషం. ఈ జబ్బులో రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ స్థితిలో కడుపులో పుండ్లు చేసే మాత్ర వేస్తే రక్తస్రావం ఆగడం కష్టం. మాత్ర ప్రభావంతో జ్వరం, కుంటడం కొన్ని గంటలు తగ్గి, మీరు నిశ్చింతగా ఉండిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇప్పుడు వెలుతురులో కింది పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, పొట్టను వెంట్రుకలు పాయ తీసి చూడండి. ఆవగింజంత ఎర్రటి చుక్కలు కానీ, కమిలిన మచ్చలు కానీ, ముక్కు నుంచి నెత్తురు కానీ కనిపిస్తే రాత్రయినా సరే కర్నూలుకు బయలుదేరండి. చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు రంగులో వస్తే బబీసియా అనే మరో పిడుదు జబ్బు కూడా తోడై ఉండవచ్చు, దానికి మందు వేరు. ప్రయాణం గురించి భయపడవద్దు. ఎముక విరగలేదు కనుక కారు వెనుక సీటులో మందపాటి దుప్పటి పరచి పడుకోబెట్టి, ఒకరు పక్కన కూర్చుంటే చాలు. రోగం ముదరడం కంటే ప్రయాణంలో పడే నొప్పి చిన్నది.

ఈ లక్షణాలు లేకపోతే రేపు తెల్లవారగానే మీ ఊరి ఆసుపత్రికే వెళ్లి, రక్తకణాల లెక్క, ప్లేట్‌లెట్లు, రక్తపు పూత పరీక్ష (గాజు పలక మీద రక్తం పూసి సూక్ష్మదర్శినిలో చూసేది) అడగండి. పశువుల డాక్టరు గేదెలకే అలవాటు పడ్డారని సంకోచించకండి. పిడుదు జ్వరాలు గేదెల్లోనూ ఆవుల్లోనూ ఉన్నాయి, వారికి ఇది కొత్త విషయం కాదు. అప్పటికప్పుడు చేసే కిట్ పరీక్ష జబ్బు మొదటి రోజుల్లో ‘లేదు’ అని చూపినా, ప్లేట్‌లెట్లు తక్కువ ఉంటే దాని మాటనే నమ్మి ఊరుకోకూడదు. ఈ రాత్రికి నీళ్లు అందుబాటులో పెట్టండి, పలుచని మజ్జిగన్నమో ఉప్పు వేయని కోడి పులుసు నీళ్లో తాగితే తాగించండి. కనిపించిన పిడుదులను పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగి, సబ్బు నీళ్లలో వేయండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, గోటితో నలపడం వద్దు.

జవాబు: న్యూజెర్సీలో ఉంటున్న తెలుగు సభ్యుడు

ఈ చర్చ చదువుతుంటే ఇక్కడి పరిస్థితి చెప్పాలనిపించింది. మా వైపు కుక్క కాలు మారుతూ కుంటుతూ జ్వరంతో వస్తే, డాక్టర్లు మొదట అడిగేది పిడుదుల గురించే. కాకపోతే ఇక్కడ వారి మనసులో ముందుండే పేరు లైమ్ జబ్బు, దాన్ని మోసేది జింకల మీద బతికే నల్లకాళ్ల పిడుదు. లైమ్, ఎర్లిఖియా, అనాప్లాస్మా, గుండె పురుగు ఈ నాలుగింటినీ ఒక్క రక్తపు చుక్కతో చూసే పరీక్షను ఏటా చేయడం మామూలు. లైమ్‌కు కుక్కల టీకా ఉంది, ఎర్లిఖియాకు లేదు. ఊరి నుంచి కుక్కను ఇక్కడికి తెచ్చుకునే మన వాళ్లు ప్రయాణానికి ముందే ఎర్లిఖియా పరీక్ష చేయించడం మంచిది. లక్షణాలేవీ లేకుండా నెలలూ సంవత్సరాలూ ఒంట్లో దాగి ఉండగలదని మా డాక్టరు చెప్పారు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు మళ్లీ

అందరికీ ధన్యవాదాలు. చిగుళ్లపై చుక్కలు కనిపించలేదు కనుక రాత్రి ఆగి, ఉదయం ఇక్కడి ఆసుపత్రికే వెళ్లాము. డాక్టరు వీడియో చూసి, కాళ్ల కంటే ముందు మెడ కింది గ్రంథులు తడిమి, అవి ఉబ్బి ఉన్నాయని చెప్పారు. బయటి ల్యాబులో చేయించిన పరీక్షలో ప్లేట్‌లెట్లు 68,000 మాత్రమే ఉన్నాయి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు 28 రోజులు వాడమన్నారు. ఈ రోజు జిమ్మీ జ్వరం లేకుండా లేచి గేటు వరకు నడిచింది, కుంటడం కూడా సగానికి తగ్గింది. ఇంత త్వరగా తగ్గింది కనుక 28 రోజులు నిజంగా అవసరమా అని మా ఇంట్లో అడుగుతున్నారు. ఇంట్లో పిల్లలున్నారు, వారికి అంటుతుందా? గోడల నెర్రెల్లో ఉన్న పిడుదులకు ఏమి చేయాలి?

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, గుంటూరు

కుక్కకు ప్లేట్‌లెట్లు 2 లక్షలకు అటూ ఇటూ మొదలుకొని 5 లక్షల వరకు ఉండాలి, కనుక 68,000 తక్కువే. డాక్సీసైక్లిన్ పడితే ఒకటి రెండు రోజుల్లోనే కుక్క లేచి తిరుగుతుంది, మధ్యలో మందు మానేసేది కూడా చాలావరకు అందుకే. సూక్ష్మజీవి తెల్ల రక్తకణాల లోపల ఉంటుంది కనుక పూర్తి గడువు వాడాలి. లేకపోతే కొన్ని నెలలకు ముక్కు నెత్తురుతోనో, ఎముకల మజ్జ దెబ్బతినో తిరిగి వస్తుంది, అప్పుడు మందులు అంత బాగా పనిచేయవు. మాత్రను ఖాళీ కడుపున వేయకండి, అన్నం తిన్న తరువాత వేసి వెంటనే కొంచెం నీళ్లు తాగించండి. గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. పాలు, పెరుగుతో కలిపి వేయకుండా కొంత వ్యవధి ఇవ్వండి. మందు ముగిసేటప్పుడు ఒకసారి ప్లేట్‌లెట్లు చూపించండి.

జిమ్మీని ముట్టుకున్నంత మాత్రాన పిల్లలకు ఈ జబ్బు రాదు. పిడుదులను మాత్రం వారి చేత తీయించకండి. ఈ గోధుమరంగు పిడుదు అడవిలో కంటే ఇంట్లోనే సుఖంగా బతుకుతుంది. రక్తం తాగిన ఆడపిడుదు కిందికి రాలి, గోడ ఎక్కి, నెర్రెల్లో వేల గుడ్లు పెడుతుంది. కనుక కుక్క పడుకునే చోటి గోడల నెర్రెలు సిమెంటుతో పూడ్చి, పరుపు గుడ్డలను మరిగే నీటిలో ఉతికి ఎండలో వేయండి. కుక్కకు డాక్టరును అడిగి, నోటి ద్వారా ఇచ్చే పిడుదుల మాత్ర వేయించండి. ఫ్లూరాలానర్ ఉన్నది ఒకసారి వేస్తే 12 వారాలు పనిచేస్తుంది, ఇంతకు ముందు మూర్ఛలు వచ్చిన కుక్క అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. పశువుల మీద కొట్టే మందును నీళ్లలో కలిపి కుక్కకు స్నానం చేయించే పద్ధతి పల్లెల్లో ఉంది. కుక్క దాన్ని నాకి, చొంగ కారుస్తూ, వణుకుతూ ఆసుపత్రికి రావడం ఎన్నోసార్లు చూశాను. వీధిలో జిమ్మీతో ఆడే కుక్కలకు కూడా పిడుదులు ఉంటే, ఆ ఇళ్లవారికి ఈ సంగతి చెప్పండి. వారి పెరడు శుభ్రం కాకపోతే మీ గోడలు పూడ్చినా కొత్తవి వస్తూనే ఉంటాయి.